గోటి బియ్యం

రాఘవమ్మ కుడిచేతి బొటనవేలి గోరు జోలికి ఇంట్లో ఎవరూ వెళ్లరు. మాఘమాసం రాగానే ఆ గోరు పెంచడం మొదలుపెడుతుంది. శ్రీరామనవమి దగ్గరపడేసరికి అది బారుగా పెరిగి, అంచు పదును తేలి పనికొస్తుంది. వడ్లగింజను రెండు వేళ్ల మధ్య పట్టుకుని మొన దగ్గర ఆ గోటితో గిల్లితే, పొట్టు రెండు చెక్కలుగా విడిపోయి బియ్యపుగింజ నిండుగా పళ్లెంలో పడాలి. విరిగిందా, తలంబ్రాలకు పనికిరాదు. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి రోకలి తగలని, మిల్లు మొహం చూడని బియ్యం పంపాలని ఆ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు పట్టిన వ్రతం అది. గింజకొక రామనామం. రాఘవమ్మ పదకొండేళ్లుగా ఏటా కిలో వడ్లు ఒలిచి ఇస్తోంది. ఆమె చేతిలో విరిగే గింజలు గుప్పెడు దాటవని టీచరమ్మే ఒప్పుకుంది. టీచరమ్మ రిటైరైన లెక్కల టీచరు, ఊళ్లో భక్త బృందానికి పెద్ద. ఆవిడ నోట మెప్పు రావడమంటే మాటలు కాదు.

ఈ ఏడు ఆ ఒలుపుడు పని వసారాలోంచి కొడుకు మంచం పక్కకు మారింది. నవమి ఇంకా వారం ఉంది. ఉదయం తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, పసుపు రాసిన తెల్లగుడ్డ పరిచి, పక్కన దీపం పెట్టి, ఇత్తడి పళ్లెం ముందు కూర్చుంది రాఘవమ్మ. రెండడుగుల దూరంలో మంచం మీద వెంకటకృష్ణ.

నలభై ఒక్కేళ్ల మనిషి. పామాయిల్ గెలల ట్రాక్టరు ఒంటిచేత్తో తిప్పినవాడు. ఎడమ దవడలో లేచిన పుండు బుగ్గను లోపలినుంచి తినేసి బయటికి దారి చేసుకుంది. రెండు ఆపరేషన్లయ్యాక పెద్ద డాక్టర్లు ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు. బీడీ ముట్టలేదు, గుట్కా నమల్లేదు. పొద్దస్తమానం ఖైనీ నలిపే పగిడయ్య ఎనభై ఏళ్ల వయసులో అదే వీధిలో చెరుకుగడ పళ్లతో చీల్చుకు తింటున్నాడు. ఏం న్యాయమో ఏమిటో.

"శ్రీరామ," అంది రాఘవమ్మ. గింజ పడింది. "శ్రీరామ." ఇంకో గింజ.

వెంకటకృష్ణ తువ్వాలు కొస కుడివైపు పళ్ల మధ్య పెట్టుకుని కరిచిపట్టాడు. అరవడు. కాలివేళ్లు మాత్రం లోపలికి ముడుచుకుపోయి, ఎముకలు తెల్లగా పైకి తేలాయి. నుదుటిమీద చెమట చెవుల్లోకి కారుతోంది. రాఘవమ్మ చూసింది. చూసి, గొంతు కాస్త పెంచి నామం చెప్పింది, వాడికి బాగా వినబడాలని.

"ఇంకొక్క నాలుగు రోజులు ఓర్చుకో నాన్నా. బియ్యం స్వామి దగ్గరికి పోనీ. ఆయనే చూసుకుంటాడు."

ఆ మాట ఆమె ధైర్యంగానే అంది. పదకొండేళ్లలో ఆమె స్వామిని ఏమీ అడగలేదు. అడగనివాళ్లు ఒక్కసారి అడిగితే దేవుడు కాదనడని ఆమె నమ్మకం. ఆ నమ్మకంలో చిన్న పగులు కూడా లేదు.

మంచం పక్కన గోడమీద క్యాలెండరుకు పుష్ప గుచ్చి వెళ్లిన కాగితం వేలాడుతోంది. పుష్ప జిల్లా దవాఖానా నుంచి జీపులో ఊరూరూ తిరిగి, మంచం పట్టినవాళ్లకు నొప్పి మందులిచ్చే సిస్టర్. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది: పొద్దున ఆరింటికి ఒకటి, పదింటికి ఒకటి, మధ్యాహ్నం రెండింటికి ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి, పడుకునేముందు రెండు. మార్ఫిన్ మాత్రలు. కోడలు దీపిక సత్తుపల్లిలో బట్టల షాపులో పనికి పోతుంది కాబట్టి, మందుల పని నాదని రాఘవమ్మే మీద వేసుకుంది.

ఆమె పొద్దున ఆరింటి మాత్ర వేయలేదు. పదింటిది వేయలేదు. రెండింటిది కూడా వేయదు. మాత్ర వేస్తే వాడు మగతలోకి జారిపోతున్నాడు. మగతలో ఉన్నవాడికి నామం ఏం వినబడుతుంది? ఎవరి పేరున ఒలుస్తున్నామో వాళ్లు తెలివిలో ఉండి వినాలని, నోటితో ఒక్కసారైనా రామా అనాలని, అప్పుడే ఫలితమని టీచరమ్మ చెప్పింది. పగలంతా ఒలుపు కాబట్టి పగటి మాత్రలు ఆగాయి. దీపిక అడిగితే "వేస్తున్నానమ్మా" అంది. సాయంత్రం ఆరింటినుంచి వేస్తోంది కదా, అబద్ధమెలా అవుతుందని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఇలాంటి సర్దుబాట్లలో రాఘవమ్మ ఎవరికీ తీసిపోదు.

మర్నాడు పదిన్నరకు జీపు ఆగింది. పుష్ప చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కడుక్కుని లోపలికొచ్చింది. ముప్పై ఏళ్లు దాటని మనిషి. కొత్తగూడెం పక్కన తండా. మెడలో పూసల దండకు తుల్జాభవాని బిళ్ల.

వచ్చీ రాగానే ఆమె బీపీ చూడలేదు, పలకరించలేదు. మంచం కాళ్లవైపు నిలబడి వెంకటకృష్ణ కాలివేళ్లు చూసింది. తర్వాత అతని కింద నలిగి ముద్దయిన దుప్పటి చూసింది. తర్వాత పళ్ల మధ్య తువ్వాలు.

"అన్నా, పదింటి గోళీ ఏసుకున్నవా?"

వెంకటకృష్ణ తల్లివైపు చూసి కళ్లు మూసుకున్నాడు.

"పెద్దమ్మా, గోళీల డబ్బా ఇయ్యి."

రాఘవమ్మ లేవలేదు. ఒలుస్తూ మధ్యలో లేవకూడదు. కళ్లతోనే అల్మారా చూపించింది. పుష్ప డబ్బా దింపి, మంచం అంచున కాగితం పరిచి, మాత్రలు అయిదేసి చొప్పున పేర్చింది. ఒకసారి లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"తొమ్మిది రోజుల కింద తొంభై ఇచ్చిన. ముప్పై ఆరు ఉండాలె. అరవై మూడు ఉన్నయి. ఏంది పెద్దమ్మా గిది?"

"పగలు వెయ్యట్లేదు," అంది రాఘవమ్మ, దాచకుండా. "వాడు తెలివిలో ఉండాలి. నామం వినాలి."

పుష్ప కేకలేస్తుందనుకుంది. వెయ్యలేదు. ఒక మాత్ర చెంచాలో నలిపి, నీళ్లు కలిపి, అతని తల ఎత్తి పట్టుకుని మంచి బుగ్గవైపునుంచి కొద్దికొద్దిగా పోసింది. గుటక పడేదాకా గొంతుమీద వేలు ఆనించి చూసింది. అతన్ని పడుకోబెట్టి, వచ్చి రాఘవమ్మ ఎదురుగా కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నాక్కూడ దేవుడుండు పెద్దమ్మా. జీపెక్కే ముందు రోజూ మొక్కుత. మొక్కి గోళీలు సంచిల ఏస్కుంట. మా అవ్వ హేమ్లికి కడుపుల గడ్డ లేస్తే మా తండాకు గీ గోళీ రాలే. మూడు నెలలు ఒర్లింది. ఆఖరికి మనిషి మాట పోయింది, ఒర్లుడొక్కటే మిగిలింది. నొప్పి గట్టిదైతే దాంట్ల ఏ పేరూ వినబడది. నువ్వు రామా అంటున్నవు గని, అన్నకు గది శెవుల వడ్తలేదు."

"వింటున్నాడు. అరవట్లేదు కదా?"

"అరుస్తలేడంటే నొప్పి లేదని గాదు."

రాఘవమ్మ చేతిలో గింజ విరిగింది. నూకల గిన్నెలోకి వేసింది. ఇంకొకటి తీసింది, అదీ విరిగింది.

అరగంట గడిచింది. రాఘవమ్మ తలెత్తి చూసేసరికి కొడుకు కాలివేళ్లు విప్పుకుని ఉన్నాయి. బొటనవేలు, పక్కవేలు, చిటికెనవేలు, అన్నీ మామూలు మనిషి కాళ్లకు ఉన్నట్టు తిన్నగా ఉన్నాయి. తువ్వాలు నోట్లోంచి జారి దిండుమీద పడింది. గుడ్డ అంచు చిల్లులు పడి ఉంది. తొమ్మిది రోజులుగా ఆ వేళ్లు విప్పుకోవడం పగటిపూట ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

"ఒక్క గోళీ," అంది ఆమె. అడిగిందో, అనుకుందో పుష్పకు అర్థం కాలేదు.

"ఒక్కటే. రేపు దమ్మపేట పోయేటప్పుడు మళ్లొస్త. పుండు కడుగుడు నేర్పిస్త. ఇగ ఒక్కటి గూడ తప్పియ్యకు," అని పుష్ప లేచింది.

రెండింటి మాత్ర మగతలోనే మింగి మళ్లీ పడుకున్న వెంకటకృష్ణ సాయంత్రం అయిదున్నరకు లేచాడు. కళ్లు తేటగా ఉన్నాయి. కిటికీలోంచి మామిడితోట వైపు కాసేపు చూశాడు. నోరు తిరగదు కాబట్టి పలక ఒకటి మంచం మీద ఉంటుంది, కూతురు లిఖిత ఒకటో క్లాసులో వాడింది. ఆ పిల్ల ఇప్పుడు హాస్టల్లో ఉండి టెన్త్ పరీక్షలు రాస్తోంది. అతను పలక అందుకుని "నిద్ర పట్టింది" అని రాసి తల్లికి చూపించాడు. రాస్తున్నప్పుడు కుడి కన్ను కాస్త నవ్వింది.

రాఘవమ్మ పళ్లెం పక్కకు జరిపి మంచం మీదికొచ్చి కూర్చుంది. మామూలుగా ఆమెకు అడగడానికి జంకుండదు. ఆ పూట మాత్రం దుప్పటి మడతలు రెండుసార్లు సర్ది అడిగింది.

"కిట్టూ. పగలు నేను మాత్రలు ఆపేశానని నీకు తెలుసా?"

అతను రాశాడు: "తెలుసు".

"ఎప్పట్నుంచి?"

రెండు వేళ్లు చూపించాడు. రెండో రోజునుంచి.

"మరి దీపికకి చెప్పొచ్చుగా. నన్నడగొచ్చుగా. పలకుందిగా నీ దగ్గర."

వెంకటకృష్ణ పలక తుడిచి చాలాసేపు రాశాడు. బలపం మధ్యలో విరిగితే చిన్నముక్కతోనే రాశాడు. "నీ మొక్కు నావల్ల చెడొద్దని. నువ్వు ఒలిచేటప్పుడు అరవకూడదని ఆపుకున్నా."

రాఘవమ్మ ఆ పలక రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు. వచ్చిందంతా కోపం, అది ముందు తనమీద, తర్వాత తనమీద మాత్రమే కాదు. నేను మూర్ఖురాలిని, నాకు తెలియలేదు. వాడు నోరు నొక్కుకున్నాడు, నాకు వినబడలేదు. సరే. మరి ఆయనకు తెలుసు కదా? కడుపులో మాట కూడా తెలిసినవాడని కదా మొక్కింది? నేను రెండడుగుల దూరంలో కూర్చుని వాణ్ణి చిత్రవధ చేస్తూ ఒక్కొక్క గింజకీ ఆయన పేరు చెబుతుంటే, తొమ్మిది రోజులు, ఆయన పుచ్చుకుంటూ కూర్చున్నాడా? ఒక్క గింజ విరగ్గొట్టి, ఒక్క దీపం ఆర్పి, వద్దే పిచ్చిదానా అని ఒక సైగైనా చెయ్యలేకపోయాడా? చెయ్యలేకపోతే దేవుడెందుకు? చెయ్యగలిగీ చెయ్యకపోతే అలాంటివాడు నాకెందుకు?

చివరికి ఆమెకు తట్టింది చాలా మామూలు సంగతి. అవతల ఎవరూ లేరు. ఇన్నేళ్లూ ఆమె ఒలిచింది, ఆమె పలికింది, ఆమే విన్నది. ఆ సంగతి తెలియగానే భయం వేస్తుందనుకుంది. వెయ్యలేదు. బరువు దించినట్టుగానూ లేదు. చెయ్యాల్సిన పనులు మాత్రం వరసగా గుర్తొచ్చాయి. ఆరయింది. మాత్ర వెయ్యాలి. దుప్పటి మార్చాలి. దీపంలో నూనె అయిపోయి వత్తి పొగొస్తోంది. ఆమె నూనె పొయ్యలేదు. వత్తి తీసి బయట పారేసింది.

దీపిక ఏడింటికి బస్సు దిగి వచ్చింది. టిఫిన్ డబ్బా ఇంకా చేతిలో ఉండగానే రాఘవమ్మ గుమ్మంలో నిలబెట్టి మొత్తం చెప్పింది. ఒక్క మాత్ర కూడా తగ్గించి చెప్పలేదు. దీపిక విన్నది. గోడకు చేరబడింది.

"రెండు ఊళ్లకు వినబడేట్టు ఏడవాలనుంది అత్తయ్యా. ఆయన లేస్తారని ఆగుతున్నా. ఇప్పుడు నాతో మాట్లాడకండి."

"మాట్లాడనులే," అంది రాఘవమ్మ. కోడలన్న మాట ఆమెకు తగిందే.

అన్నమాట ప్రకారం పుష్ప మర్నాడు తొమ్మిదింటికే వచ్చింది. దీపిక ఆ రోజు షాపుకు పోలేదు. ఉప్పు వేసి మరగబెట్టి చల్లార్చిన నీళ్లు, పుండు తుడిచే గాజు గుడ్డ, వాసన చంపడానికి నలిపిన మాత్రల పొడి, అన్నీ పుష్ప స్టూలు మీద సర్దింది. పుండు పైనుంచి కడగడం చూపించింది. రుద్దకూడదు, నీళ్లు ధారగా వదలాలి. తర్వాత నోరు. వేలికి గుడ్డ చుట్టి, బుగ్గ లోపలికి పోనిచ్చి, పళ్లకూ పుండుకూ మధ్య ఇరుక్కున్న తెల్లటి పాచి, అన్నం మెతుకులు తియ్యాలి. రోజుకు నాలుగుసార్లు.

"పగలు నేనుంటాను. నేను చేస్తాను," అని రాఘవమ్మ చెయ్యి చాపింది.

పుష్ప ఆ చేతివైపు చూసి ఆగింది. గుడ్డ మడత పెట్టింది, విప్పింది. వ్రతం సంగతి ఆమెకు తెలుసు. తలంబ్రాలు ఇచ్చేదాకా ఆ గోరు తియ్యరు, తీస్తే అరిష్టమంటారు.

"పెద్దమ్మా, గోరు... లోపట గీస్కుంటే నెత్తురు ఆగది. పోనీ దీపికక్క చేస్తదిలే నవమి దాంక."

"దీపికా, బ్లేడివ్వు," అంది రాఘవమ్మ.

దీపిక కదలకపోతే తనే లేచి, కొడుకు గడ్డం గీసుకునే సామాను డబ్బాలోంచి బ్లేడు తీసుకుంది. వాకిట్లో వెలుతురుకు కూర్చుని బొటనవేలు మోకాలిమీద ఆనించి, ఒకవైపునుంచి కోసుకుంటూ వచ్చింది. గోరు బాగా ముదిరింది. రెండు ముక్కలుగా వచ్చింది. మిగిలిన అంచును గచ్చుమీద రుద్ది నున్నగా చేసింది, చెంపకు ఆనించి గీసుకుంటుందేమో చూసుకుంది. తర్వాత మిగతా తొమ్మిది వేళ్ల గోళ్లు కూడా తీసేసింది. సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని వచ్చి, వేలికి గుడ్డ చుట్టుకుంది.

"నోరు తెరువు నాన్నా. నొప్పైతే నా చెయ్యి గట్టిగా పట్టుకో. అరిచినా పర్లేదు, ఎంత గట్టిగానైనా అరువు."

గింజ విరక్కుండా పొట్టు తీసిన వేళ్లు అవి. పుండు అంచు కదలకుండా మెతుకు తియ్యడం వాటికి పెద్ద కష్టం కాలేదు. పుష్ప పక్కన నిలబడి చూసి, మూడోసారికి తన చెయ్యి వెనక్కి తీసుకుంది. వెంకటకృష్ణ అరవలేదు, ఈసారి అరవాల్సిన అవసరం పడక.

సాయంత్రం దీపిక అత్తగారి ఫోను తీసుకుని ఏదో నొక్కుతూ కూర్చుంది. తిరిగి ఇచ్చినప్పుడు అందులో అయిదు అలారాలున్నాయి. ఆరు, పది, రెండు, ఆరు, పడుకునే వేళకు ఒకటి.

ఆ మర్నాడు బియ్యం తీసుకెళ్లే రోజు. ఇత్తడి పాత్రలో మూడుపావుల బియ్యం నిండుగా ఉంది. ఒలవని వడ్లు ఇంకో పిడికెడు మిగిలాయి. రాఘవమ్మ ఆ పిడికెడు పెరట్లో కోళ్లకు చల్లింది. అప్పుడే జీపు దిగి మాత్రల డబ్బాతో లోపలికొచ్చిన పుష్పకు, పాత్రలోంచి గ్లాసుడు బియ్యం తీసి రాఘవమ్మ నీళ్లలో నానబోస్తుండటం కనబడింది.

"పెద్దమ్మా, గవి దేవుని బియ్యం గదా?" అంది పుష్ప. ఆమె చెయ్యి మెళ్లో బిళ్లమీదికి పోయింది.

"బియ్యమే. నేను ఒలిచిన బియ్యం."

"ఏమన్న అయితదేమో..."

"ఇంకేం కావాలి తల్లీ?"

పుష్ప మాత్రల డబ్బా అల్మారాలో పెట్టింది. కుక్కరు మూత వెతికిపెట్టి జీపెక్కింది. ఇంకో ఆరు ఊళ్లు తిరగాలి.

పదకొండేళ్లు ఒలిచింది గానీ ఆ బియ్యం ఎలా ఉడుకుతాయో రాఘవమ్మకు తెలియదు. పైన తవుడు పొర ఉండిపోతుంది కాబట్టి మామూలు బియ్యంలా ఉడకవు. ఎనిమిది కూతలు వచ్చినా పలుకు తగిలింది. ఇంకో అయిదు రానిచ్చింది. మూత తియ్యగానే వంటిల్లంతా కమ్మటి వాసన. పప్పుగుత్తితో మెదిపి, పలుచని గుడ్డలో వడగట్టి, చిటికెడు ఉప్పు, చెంచాడు మజ్జిగ కలిపింది. గోరువెచ్చగా కొడుకు నోట్లో మంచివైపు పోసింది. నాలుగు చెంచాలు మింగాడు. వారం రోజుల్లో ఏ పూటా రెండో చెంచా దాటనివాడు. అయిదోది పోస్తుండగా వాకిట్లో మాటలు వినబడ్డాయి.

టీచరమ్మ వచ్చింది, వెనక మరో నలుగురు. కాషాయ సంచులు మోయడానికి ఊరిపక్క తండానుంచి పూలి. తోటల్లో మిరపకాయలు కోసుకునే మనిషి.

"రాఘవమ్మా, పాత్ర తీసుకురా. అశ్వారావుపేట వాళ్లది కూడా కలుపుకుని మూడింటికల్లా బండెక్కాలి."

రాఘవమ్మ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చింది. "బియ్యం లేవండీ."

"లేకపోవడమేంటి? మొన్న చూశానుగా, పాత్ర నిండా ఉన్నాయి."

"ఉన్నాయి. మా అబ్బాయి తింటున్నాడు."

నలుగురు ఆడవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీచరమ్మ చూపు కింద పడింది, గోళ్లు లేని చేతి మీద. ఆవిడ చెడ్డది కాదు. గొంతు తగ్గించి, నిజంగా జాలిపడుతూనే అంది. "బాధలో ఉన్నావు, తెలుసు. అయినా స్వామి సొమ్ము అది. సంకల్పం చెప్పుకుని ఒలిచినవి వండుకుతింటే ఊరుకుంటాడా? కోపం రాదూ?"

"రమ్మనండి టీచరమ్మగారూ," అంది రాఘవమ్మ. "కోపంతోనైనా సరే, ఒక్కసారి ఈ గుమ్మం తొక్కమనండి. పదకొండేళ్లు పిలిచాను. వాడు గుడ్డ కొరుక్కుంటుంటే తొమ్మిది రోజులు ఆగకుండా పిలిచాను. ఇప్పుడొస్తే తిట్టను కూడా. వాడి పక్కన కూర్చోబెట్టి ఇంత గంజి పోస్తాను."

టీచరమ్మ పమిట సర్దుకుని మెట్లు దిగింది. మిగతావాళ్లు వెనకే వెళ్లారు. గేటు దగ్గర ఒకామె లెంపలు వేసుకుంది.

పూలి మాత్రం కదల్లేదు. సంచులు భుజం మార్చుకుంటూ గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మా, ఆ గోళీలిచ్చే సిస్టర్ నంబరున్నదా? మా అత్తకు రొమ్ముల పుండు. పొద్దుమాపు ఒర్లుతనే ఉంటది. ఎవరికి చెప్పాల్నో తెలుస్తలేదు."

రాఘవమ్మ లోపలికెళ్లి క్యాలెండరుకు గుచ్చిన కాగితం మీది పుష్ప నంబరు పాత పరీక్ష కాగితం ముక్కమీద రాసి తెచ్చి ఇచ్చింది. "పుష్ప అని అడుగు. నేను పంపానని చెప్పు. వేళ తప్పించకుండా వెయ్యాలి పూలీ, ఎవరేం చెప్పినా వినకు. నాలాంటివాళ్లు చెబితే అసలు వినకు."

పూలి కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుని, బండి వైపు గబగబా నడిచింది.

లోపల ఫోను మోగింది. రెండయింది. రాఘవమ్మ మాత్ర నలిపి, నీళ్లు కలిపి, కొడుకు గుటక వేసేదాకా గొంతుమీద వేలు ఆనించి చూసింది. పెదవి తుడిచి గిన్నె తియ్యబోతుంటే వెంకటకృష్ణ ఆమె కొంగు పట్టుకుని ఆపాడు. పలక ఒళ్లోకి లాక్కుని ఒక్క మాట రాశాడు.

"ఇంకా".

"ఉంది నాన్నా," అంది రాఘవమ్మ, చెంచా మళ్లీ గంజిలో ముంచుతూ. "పాత్ర నిండా ఉంది. నీకే."